గృహమే గురుకులం: కోనసీమ అధ్యయన దినచర్య

బాలునికి ఇంటియందే విద్య గరపుట నేడు కొందరికి నూతన ప్రయోగంగా తోచవచ్చు. గౌతమీ వసిష్ఠ పాయల నడుమ నెలకొన్న కోనసీమ అగ్రహారాలలో అది తరతరాల ఆచారం. ఇచ్చటి వైదిక కుటుంబాలలో అధికులు ఆపస్తంబ సూత్రులు, కృష్ణయజుర్వేద తైత్తిరీయ శాఖాధ్యాయులు. అనేక గృహాలలో తండ్రియో తాతయో ఆచార్యుడు. వీధి అరుగే పాఠశాల.

నేర్వవలసిన రాశి అల్పం కాదు. తైత్తిరీయ సంహితలో 44 ప్రశ్నలు, బ్రాహ్మణంలో 28, ఉపనిషత్తులతో కూడిన ఆరణ్యకంలో 10, వెరసి 82. వీటినే మన పెద్దలు పన్నాలు అంటారు. ఇంచుమించు ఏబది పదాల ఖండానికి పనస అని పేరు. ఇంతటి వాఙ్మయం పుస్తకం చేతపట్టకుండా కంఠస్థం కావాలంటే ఎనిమిది నుండి పన్నెండేండ్లు పట్టేది. కనుకనే దినచర్యకు అంతటి ప్రాధాన్యం.

గర్భాష్టమంలో ఉపనయనమైన వటువు బ్రాహ్మీ ముహూర్తాన లేచి, కాలువలోనో నూతివద్దనో స్నానమాడి, సంధ్యావందనం, అగ్నికార్యం ముగించేవాడు. తరువాత సంత. గురువు ఒకమారు పలికిన వాక్యాన్ని శిష్యుడు రెండుమార్లు పలకాలి. ఉదాత్తానుదాత్త స్వరితాలలో లేశమాత్రం తేడా వచ్చినా అచ్చటనే ఆగి దిద్దుకోవాలి. మాధ్యాహ్నికం, భోజనం, కొంత విశ్రాంతి. అపరాహ్ణంలో ఉదయపు పాఠానికి వల్లె. సాయంసంధ్య తరువాత పూర్వపాఠాల ఆవృత్తి. క్రొత్త పాఠానికి వెచ్చించిన కాలం కంటె ప్రాతపాఠానికి వెచ్చించిన కాలమే అధికం. ఈ విధానానికి ప్రాణం అదే.

ఉపనయనానికి పూర్వమే మరొక విద్య జరిగిపోయేది. ఊయలలోని శిశువు సైతం తాతగారి పారాయణ వింటూ నిదురించేవాడు. అర్థం తెలియకమునుపే స్వరం చెవికి పరిచితమయ్యేది. వేళకు మడివంట, పిల్లవాని ఆహారనియమం, నిద్ర, ఇవన్నీ తల్లి చూసేది. వేదాధికారం లేదన్న ఆమె లేకుండ ఆ అధ్యయనం ఒక్క దినమైనా సాగేది కాదు.

విరామానికీ శాస్త్రమున్నది. ప్రతిపత్తు, అష్టమి, చతుర్దశి, పర్వదినాలు అనధ్యాయాలు. ప్రతిపత్తునాడు చదివినవాని విద్యవలె కృశించినదని సీతమ్మను వర్ణించిన సుందరకాండ ఉపమానం సుప్రసిద్ధం. బాల్యానికి ఆటవిడుపు సైతం నియమంలో భాగమేనన్నమాట.

ఈ క్రమం సడలడానికి బాలుర బుద్ధిమాంద్యం కారణం కాదు. ఈనాం మాన్యాల ఆధారంపై నిలిచిన గృహాలు 1956 నాటి ఈనాముల రద్దు చట్టానికి పిదప జీవికకై అన్యమార్గాలు వెదకవలసి వచ్చింది. ఇంగ్లీషు చదువు ఉద్యోగమిచ్చింది. ఘనాపాఠి కుమారుడు పట్టణం చేరాడు. ఇచ్చటి ఆహితాగ్నుల జీవితాలను దశాబ్దాలపాటు పరిశీలించిన అమెరికా పండితుడు డేవిడ్ నైప్ 2015లో ప్రకటించిన గ్రంథం ఈ పరంపరకు విలువైన సాక్ష్యం. వేదపఠన సంప్రదాయాన్ని 2003లో యునెస్కో మానవాళి వారసత్వంగా ప్రకటించింది. గౌరవం లభించింది, అరుగులు మాత్రం నిండలేదు.

తండ్రి తానెరిగినది కుమారునికి చెప్పకుండ గతిస్తే, మనుమనికి లిఖితాక్షరాలు మిగులుతాయి. ఆ ఇంటి పాఠం మాత్రం మిగలదు. వేదపాఠశాలలు నేడు ఈ భారాన్ని చాలావరకు మోస్తున్నవి, సంతోషమే. ఐనను గృహం చేయదగినది పాఠశాల పూర్తిగా చేయజాలదు. బడికి వెళ్లే బాలునికైనా ప్రాతఃకాలంలో అరగంట సాధ్యమే. నియతమైన వేళ, ఒకే గురుముఖం, క్రొత్తదాని కంటె ప్రాతదానికి రెండింతల ఆవృత్తి, నియమబద్ధమైన విరామం: ఈ నాల్గింటిని పాటిస్తే ఏడాదికి ఒక పన్నమైనా నిలుస్తుంది. సంధ్యావందన మంత్రాలు, పురుషసూక్తం, శ్రీరుద్రం నేర్పడానికి ఇది చాలును. శిక్షావల్లి వర్ణ స్వర మాత్రాదులనే మొదట చెప్పి, బ్రహ్మవిద్యను ఆపైన బోధించింది. ఆ మొదటిమెట్టు ఇంటి అరుగుమీదనే ఉన్నది.

స్వస్తి.