స్పైవేర్: వచ్చాక తీసేద్దామంటే లేటే.. ఇంట్లో కంప్యూటర్‌లోకి రాకుండా ఇలా ఆపండి

పిల్లల చదువు, కరెంటు బిల్లు, బ్యాంకు పని, తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్.. ఇంట్లో ఒక్క కంప్యూటర్ ఉంటే ఇవన్నీ అందులోనే. వాటి పాస్‌వర్డ్‌లు కూడా అందులోనే ఉంటాయి. స్పైవేర్‌కు కావాల్సింది సరిగ్గా అవే. సిస్టమ్‌లోకి దూరిన స్పైవేర్‌ను తీసేయొచ్చు. కానీ అప్పటికే బయటికి వెళ్లిపోయిన పాస్‌వర్డ్‌ను ఏ యాంటీవైరస్ కూడా వెనక్కి తేలేదు. అందుకే రాకుండా ఆపడం ఒక పని, వచ్చాక తీసేయడం ఇంకో పని. రెండింటికీ ఏం చేయాలో చూద్దాం.

స్పైవేర్ అంటే ఏంటి?

మనకు తెలియకుండా కంప్యూటర్‌లో చేరి, మనం చేసే పనిని గమనించి, ఆ వివరాలను వేరేవాళ్లకు పంపే ప్రోగ్రామే స్పైవేర్. ఇందులో రకాలున్నాయి. కీబోర్డ్‌పై కొట్టే ప్రతి అక్షరాన్నీ రికార్డు చేసేది కీలాగర్. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలను ఒక్కసారిగా ఊడ్చుకుపోయేది ఇన్ఫోస్టీలర్. చూసే సైట్లను ట్రాక్ చేసి యాడ్స్‌తో నింపేది యాడ్‌వేర్. వీటిలో ఇప్పుడు ఎక్కువ డేంజర్ ఇన్ఫోస్టీలర్. 2025లో మార్చి 16 నుంచి మే 16 వరకు, అంటే రెండు నెలల్లోనే ప్రపంచవ్యాప్తంగా 3.94 లక్షల విండోస్ కంప్యూటర్లకు 'లుమ్మా' అనే ఇన్ఫోస్టీలర్ సోకినట్లు మైక్రోసాఫ్ట్ గుర్తించింది.

2017లో చిత్తూరు జిల్లాలో ఏం జరిగింది?

ముందు జాగ్రత్తకు, తర్వాత రిపేరుకు తేడా ఏంటో మన ప్రాంతం ఒకసారి చూసింది. 2017 మే 12న 'వానాక్రై' ప్రపంచాన్ని కుదిపేసింది. దాదాపు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లకు ఇది సోకినట్లు అప్పట్లో వార్తలొచ్చాయి. తిరుపతి అప్పటికి చిత్తూరు జిల్లాలోనే ఉంది. టీటీడీలోనూ కొన్ని కంప్యూటర్లు దెబ్బతిన్నాయి.

వానాక్రై స్పైవేర్ కాదు, రాన్సమ్‌వేర్. దొంగచాటుగా చూడదు. ఫైళ్లకు తాళం వేసి 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమంటుంది. కానీ పాఠం మాత్రం ఒకటే. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే అప్డేట్ ఇచ్చింది. అంటే దాడికి దాదాపు రెండు నెలల ముందే. ఆ అప్డేట్ ఉన్న సిస్టమ్‌లోకి వానాక్రై ఆ దారిలో రాలేకపోయింది. లేని సిస్టమ్‌లోకి ఎవరూ ఏమీ క్లిక్ చేయకుండానే నెట్‌వర్క్ ద్వారా దూరింది. తర్వాత వైరస్‌ను తీసేసినా తాళం పడ్డ ఫైళ్లు తెరుచుకోలేదు. వేరేచోట బ్యాకప్ ఉన్నవాళ్లే బయటపడ్డారు.

ఒక్క అప్డేట్ ఖర్చు ఎంత? కొంచెం డేటా, ఒక రీస్టార్ట్. అంతే.

స్పైవేర్ ఎలా వస్తుంది?

ఎక్కువసార్లు తలుపు తీసేది మనమే.

* క్రాక్ సాఫ్ట్‌వేర్: ఫోటోషాప్, ఆఫీస్, గేమ్స్ ఫ్రీగా వస్తున్నాయని క్రాక్ డౌన్‌లోడ్ చేస్తే, చాలాసార్లు దాంతోపాటే స్టీలర్ కూడా వస్తుంది. ఇన్‌స్టాల్ చేసే ముందు 'యాంటీవైరస్ ఆఫ్ చేయండి' అని ఉంటే అక్కడే ఆగిపోవాలి.
* ఫేక్ క్యాప్చా: 'నేను రోబో కాదు' అని క్లిక్ చేయగానే, విండోస్ కీతో పాటు ఆర్ నొక్కండి, తర్వాత కంట్రోల్ వీ కొట్టి ఎంటర్ నొక్కండి అని చెప్తుంది. అలా చేస్తే మన చేత్తో మనమే స్పైవేర్‌ను రన్ చేసినట్టు. అసలు క్యాప్చా ఎప్పుడూ ఇలా అడగదు.
* పెన్‌డ్రైవ్: జిరాక్స్ షాపు, నెట్ సెంటర్‌లో ప్రింట్ కోసం పెట్టిన పెన్‌డ్రైవ్ రోజూ ఎన్నో సిస్టమ్‌లు తిరిగొచ్చిన దానితో సమానం. ఇంట్లో తెరిచే ముందు స్కాన్ చేయాలి.
* మెయిల్ అటాచ్‌మెంట్: కొరియర్, ఇన్‌కమ్ ట్యాక్స్, ఉద్యోగం ఆఫర్ పేరుతో వచ్చే జిప్ ఫైళ్లు.
* నకిలీ సైట్లు: టీటీడీ పేరుతో నడుస్తున్న 41వ నకిలీ వెబ్‌సైట్‌పై 2023 ఏప్రిల్‌లో తిరుమల పోలీసులు కేసు నమోదు చేశారు. అసలు అడ్రస్‌లో చుక్కలున్న చోట చిన్న గీతలు పెట్టి, చివర 'ఇన్' బదులు 'ఆర్గ్' అని పెట్టారు. తొందరలో చూస్తే తేడా కనపడదు. గూగుల్‌లో వెతికి మొదటి లింక్ నొక్కే బదులు, అసలు అడ్రస్‌ను ఒకసారి బుక్‌మార్క్ చేసుకోవడం మేలు. ఇప్పుడు టీటీడీ అధికారిక సైట్ 'టీటీదేవస్థానమ్స్ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్'.

రాకుండా ఆపాలంటే ఈ 6 పనులు

1. విండోస్ అప్డేట్‌ను ఆఫ్ చేయొద్దు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అదనపు సెక్యూరిటీ అప్డేట్ల కోసం నమోదు చేసుకున్న ఇళ్లకు 2026 అక్టోబర్ 13 వరకు గడువిచ్చింది. సిస్టమ్ సపోర్ట్ చేస్తే విండోస్ 11కి మారాలి.
2. విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఆన్‌లో ఉంచాలి. ఇంటికి ఇది సరిపోతుంది. రెండు మూడు యాంటీవైరస్‌లు ఒకేసారి వేస్తే ఒకదానికొకటి అడ్డుపడి సిస్టమ్ స్లో అవుతుంది.
3. రోజువారీ వాడకానికి, పిల్లలకు 'స్టాండర్డ్' అకౌంట్ పెట్టాలి. అడ్మిన్ పాస్‌వర్డ్ పెద్దవాళ్ల దగ్గరే ఉండాలి. సిస్టమ్ మొత్తాన్ని మార్చే ఇన్‌స్టాల్ జరగాలంటే అప్పుడు వాళ్లను అడగాల్సిందే.
4. బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లను బ్రౌజర్‌లో సేవ్ చేయొద్దు. స్టీలర్ ముందు వెతికేది అక్కడే.
5. మెయిల్‌కు, బ్యాంకుకు టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయాలి. పాస్‌వర్డ్ పోయినా రెండో తాళం ఉంటుంది.
6. ఫొటోలు, సర్టిఫికెట్లు, పొలం కాగితాల స్కాన్లు బయటి హార్డ్ డిస్క్‌లో కాపీ పెట్టి, పని అయ్యాక ఆ డిస్క్‌ను పీకేయాలి. తగిలించి వదిలేస్తే దానికీ తాళం పడొచ్చు.

వచ్చిందని ఎలా తెలుస్తుంది?

హోమ్ పేజీ తనంతట తానే మారడం, తెలియని ఎక్స్‌టెన్షన్లు, డిఫెండర్ ఆఫ్ అయిపోవడం, మీరు చేయని లాగిన్‌కు మెయిల్ రావడం.. ఇవి గుర్తులు. కానీ ఇన్ఫోస్టీలర్ నిమిషాల్లో పని ముగించుకుని తనను తానే డిలీట్ చేసుకునే అవకాశం ఉంది. సిస్టమ్ స్పీడ్‌గా ఉంది కాబట్టి అంతా బాగుందని అనుకోవద్దు.

వచ్చేస్తే ఈ వరుసలో చేయండి

1. ముందు నెట్ తీసేయండి. వైఫై ఆఫ్, లేదా కేబుల్ పీకేయండి. సమాచారం బయటికి వెళ్లడం ఆగుతుంది.
2. ఆ సిస్టమ్‌లో బ్యాంకు, మెయిల్ ఏదీ ఓపెన్ చేయొద్దు.
3. ముఖ్యమైన ఫొటోలు, డాక్యుమెంట్లు మాత్రమే కాపీ తీసుకోండి. సెటప్ ఫైళ్లు, క్రాక్‌లు వద్దు.
4. ఇన్‌స్టాల్ అయిన యాప్స్ లిస్టును తేదీ వారీగా చూసి తెలియనివి తీసేయండి. బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు కూడా.
5. స్కానర్ అప్డేట్ కోసం కాసేపు నెట్ ఇచ్చి, మళ్లీ తీసేసి ఫుల్ స్కాన్ చేయండి. తర్వాత డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్. ఇది విండోస్ మొదలవకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కున్నవి కూడా దొరికే అవకాశం ఎక్కువ. సుమారు 15 నిమిషాలు పడుతుంది.
6. మరో అభిప్రాయం కావాలంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ నడిపే 'సైబర్ స్వచ్ఛతా కేంద్ర' సైట్‌లో ఉచిత టూల్స్ ఉన్నాయి. ఈ కేంద్రం 2017 ఫిబ్రవరిలో మొదలైంది.
7. అప్పటికీ అనుమానం ఉంటే 'రీసెట్ దిస్ పీసీ'లో 'రిమూవ్ ఎవ్రీథింగ్' ఎంచుకోండి. బ్యాంకు పని చేసే సిస్టమ్ అయితే మొదటే ఇది చేయడం సేఫ్.

తీసేశాక అసలు పని ఇదే

చాలామంది స్కాన్ అవ్వగానే పని అయిపోయిందనుకుంటారు. అసలు పని అప్పుడే మొదలు. ఫోన్ నుంచి, లేదా వేరే సిస్టమ్ నుంచి పాస్‌వర్డ్‌లు మార్చాలి. స్పైవేర్ ఉన్న కంప్యూటర్‌లోనే మారిస్తే కొత్త పాస్‌వర్డ్ కూడా పోతుంది. ముందు మెయిల్, తర్వాత బ్యాంకు, ఆ తర్వాత సోషల్ మీడియా. మిగతా అకౌంట్ల తాళాలన్నీ మెయిల్‌లోనే ఉంటాయి కాబట్టి దానికే ఫస్ట్ ప్లేస్. తర్వాత 'అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్' నొక్కాలి. కుకీ దొంగతనం జరిగితే పాస్‌వర్డ్ లేకుండానే వాళ్లు లోపల ఉండొచ్చు. మీ మెయిల్స్ ఇంకో అడ్రస్‌కు ఫార్వర్డ్ అవుతున్నాయేమో సెట్టింగ్స్‌లో చూడాలి.

డబ్బు పోతే ఎవరికి చెప్పాలి?

వెంటనే 1930కి కాల్ చేయాలి. బ్యాంకుకు చెప్పి అకౌంట్ బ్లాక్ చేయించాలి. 'సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్'లో ఫిర్యాదు ఇవ్వొచ్చు, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కూ వెళ్లొచ్చు. ఎంత త్వరగా చెప్తే డబ్బు ఆపే ఛాన్స్ అంత ఎక్కువ. అనుమతి లేకుండా ఇంకొకరి కంప్యూటర్‌లో ఇలాంటి ప్రోగ్రామ్ పెట్టడం ఐటీ చట్టం సెక్షన్ 66 కింద నేరం. మూడేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ఫిర్యాదు చేయాలనుకుంటే రీసెట్‌కు ముందే స్క్రీన్‌షాట్లు, మెసేజ్‌లు, లావాదేవీల వివరాలు దాచుకోండి. సిస్టమ్ మొత్తం తుడిచేస్తే ఆధారాలు కూడా పోతాయి.