తరంగాలు మనయే, సిగ్నలే రాదు

ఉట్నూరు దాటినంక సిగ్నల్ కోసం గుట్ట ఎక్కుడు నాకు అలవాటే. స్పెక్ట్రం అంటే సైన్సోళ్ల ముచ్చట అనుకుంటం గానీ, అది చెరువు నీళ్ల లెక్క. కొలత ఉంటది, పెంచలేం. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లనే చెప్పింది.

ఉన్న నీళ్లతోని ఎక్కువ మడి పారిచ్చుడే స్పెక్ట్రం సామర్థ్యం. ఒకటే తరంగాన్ని దూరం దూరం టవర్ల కాడ మళ్ల మళ్ల వాడుడు పాత పద్ధతి. చానా యాంటెన్నాలు పెట్టి, ఒకే తరంగం మీద రెండు, నాలుగు పాయలు పంపుడు కొత్తది. దాన్ని మైమో అంటరు. సిగ్నల్ మంచిగుంటే ఒక్కో సంకేతం 8 బిట్లు మోస్తది, లేకుంటే 2కు దిగుతది. అంటే టవర్ దూరమైతే మనకు వేగం తగ్గుడే కాదు, అంతే డాటాకు స్పెక్ట్రం కూడ ఎక్కువ ఖర్చయితది.

అడవులకు 700 మెగాహెర్ట్జ్ మంచిది. పాయ సన్నం గానీ దూరం పోతది. 2016ల, 2021ల వేలం పెడితే దాన్ని ఎవ్వలు కొనలే. 2022ల జియో ఒక్కటే కొన్నది.

అసలు పేచీ సర్కిల్ కాడ ఉన్నది. వేలం సర్కిల్ మొత్తానికి ఒక్కటే. తెలంగాణ వచ్చినా మన సర్కిల్ పేరు ఆంధ్రప్రదేశే! హైదరాబాద్‌ల కిక్కిరిసిన తరంగమే టవర్ లేని గూడెం మీద ఊకెనే పడి ఉంటది. సరైన కారణం లేకుంట వాడని స్పెక్ట్రంను సర్కారు వాపస్ తీసుకోవచ్చని 2023 టెలికం చట్టం 7వ సెక్షన్ చెప్తది. గా వాడకాన్ని మండలం వారీగ లెక్కగట్టాలె అంటున్న.

2023 జనవరి నుంచి ఉపాధి హామీ హాజరు యాప్‌లనే ఎక్కియ్యాలన్నరు. ఫొటో ఎక్కకుంటే కూలి ఎట్ల వడ్తది?