ఎటిపికల్ డక్టల్ హైపర్‌ప్లేసియా

రొమ్ములోని పాల నాళాల లోపలి పొరలో కణాలు అవసరానికి మించి పెరిగి, రూపంలోనూ అమరికలోనూ తేడా చూపే స్థితి ఇది. క్యాన్సర్ కాదు. సాధారణంగా చేతికి గడ్డగా తగలదు. మామోగ్రామ్‌లో కనిపించిన సన్నని సున్నపు చుక్కల దగ్గర సూదితో ముక్క తీసి పరీక్షించినప్పుడు బయటపడుతుంది.

సూక్ష్మదర్శిని కింద దీనికీ, నాళం దాటని తొలిదశ క్యాన్సర్‌కూ పోలిక చాలా దగ్గర. మార్పు రెండు నాళాలను పూర్తిగా ఆక్రమించకపోతే లేదా 2 మిల్లీమీటర్లకు మించకపోతే హైపర్‌ప్లేసియాగానే లెక్కిస్తారు. ఈ హద్దు కొంతవరకు వాడుక కోసం గీసుకున్నదే. ఒకే స్లైడుపై ఇద్దరు పాథాలజిస్టులు విభేదించడం అరుదేమీ కాదు. సూదికి అందిన ముక్క పక్కనే క్యాన్సర్ దాగి ఉండవచ్చు కనుక, ఆ భాగాన్ని శస్త్రచికిత్సతో తీసి చూడటం పరిపాటి.

ఎటిపియా (కణాల ఈ అసాధారణ రూపం) ఉన్న స్త్రీలకు రొమ్ము క్యాన్సర్ ముప్పు సుమారు నాలుగైదు రెట్లు ఎక్కువని అమెరికాలో పరిశోధకులు డ్యూపాంట్, పేజ్ 1985లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది. మార్పు ఒక రొమ్ములోనే కనిపించినా ముప్పు రెండింటికీ ఉంటుంది. అందుకే ఏటా మామోగ్రామ్ సూచిస్తారు. టామాక్సిఫెన్ అనే మందు ఆ ముప్పును సగానికి పైగా తగ్గించగలదు. అయితే సిరల్లో రక్తం గడ్డకట్టడం, గర్భాశయ క్యాన్సర్ వంటి ప్రమాదాలు ఉన్నందున వయసు, కుటుంబ చరిత్ర చూసి మందు సంగతి నిర్ణయిస్తారు.