గేరు మార్పు – శ్రమ బదిలీ: ఆర్మూరు రహదారి నేపథ్యంలో చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు ప్రాంతం పసుపు పంటకు ప్రసిద్ధి. ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపట్టిన పసుపు కొమ్ములు ఇక్కడి నుండి నిజామాబాదు మార్కెట్ యార్డుకు చేరుతాయి. మేలైన ధర ఆశించే రైతులు సరుకును మహారాష్ట్రలోని సాంగ్లీ వరకు తీసుకుపోవడమూ ఉంది. ఉత్తర దక్షిణాలను కలిపే 44వ జాతీయ రహదారి (పూర్వపు 7వ నంబరు), నిజామాబాదు నుండి జగదల్‌పూర్ దిశగా సాగే 63వ జాతీయ రహదారి (పూర్వపు 16వ నంబరు) ఈ పట్టణం వద్దనే కలుస్తాయి. పసుపు వాణిజ్యాన్ని ధర, దళారీ వ్యవస్థ, 2025 జనవరి 14న ప్రారంభమైన జాతీయ పసుపు బోర్డు వంటి అంశాల ద్వారా చర్చించడం పరిపాటి. ఆ సరుకును, ఆ మనుషులను మోసిన వాహనాలలో గేరు మార్చే శ్రమ ఎవరిదన్న ప్రశ్న మాత్రం అంతగా చర్చకు రాలేదు. ఆ శ్రమ మనిషి నుండి యంత్రానికి ఏ క్రమంలో బదిలీ అయిందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. డ్రైవరు దేహమే యంత్రభాగం

అంతర్దహన ఇంజను పరిమితమైన వేగాల మధ్యనే తగిన బలాన్ని ఇస్తుంది. బండి కదలడానికి, ఎత్తు ఎక్కడానికి, పరుగెత్తడానికి వేర్వేరు పళ్ళచక్రాల నిష్పత్తులు కావాలి. 1890ల నాటి పనార్-లెవస్సార్ కార్లలో ఈ పళ్ళచక్రాలను జరిపి కలిపేవారు. వేగాలు కలవకపోతే పళ్ళు ఒరుసుకొని పెద్ద శబ్దం వచ్చేది.

నిజాం రాజ్య రైల్వే రోడ్డు రవాణా శాఖ 1932 జూన్ 15న 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలయింది. ఆల్బియన్ బస్సులు ఆ దశకు చెందినవే. ఆ కాలపు బరువు వాహనాలలో కింది గేరుకు మారాలంటే డ్రైవరు క్లచ్ నొక్కి, గేరును న్యూట్రల్‌కు తెచ్చి, క్లచ్ వదిలి, ఇంజను వేగం పెంచి, మళ్ళీ క్లచ్ నొక్కి గేరు వేయాలి. ఇదే ‘డబుల్ క్లచ్’. ఇంజను మోత వినే చెవి, ఎడమకాలి ఓర్పు డ్రైవరు నైపుణ్యానికి కొలతలయ్యాయి. ఆర్మూరు దాటి, గోదావరి మీదుగా నిర్మల్ చేరి, పాత రహదారిలోని మహబూబ్ ఘాట్ ఎక్కేటప్పుడు ఆ నైపుణ్యం లేకపోవడం ప్రాణాపాయమే. గేరు తప్పితే ఏటవాలులో బండిని ఇంజను పట్టి నిలపదు.

3. సౌకర్యానికి తొలి మెట్లు

1928లో క్యాడిలాక్ కార్లలో సింక్రోమెష్ వచ్చింది. పళ్ళు కలవకముందే రాపిడి ద్వారా వాటి వేగాలను సమం చేయడం దీని సూత్రం. 1939లో జనరల్ మోటార్స్ ‘హైడ్రా-మ్యాటిక్’ను ప్రకటించడంతో క్లచ్ పెడలే తొలగిపోయింది. భారతదేశంలో పరిస్థితి వేరు. 1954లో టెల్కో డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకుంది. 1955లో అశోక్ మోటార్స్ అశోక్ లేలాండ్‌గా మారింది. 1958 జనవరి 11న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ కాలంలో పల్లె పట్టణాలను కలిపిన బస్సులు ప్రధానంగా ఈ దేశీయ తయారీలే. ధర తక్కువగా, మరమ్మతు సులభంగా ఉండే చేతి గేర్లే వాటిలో కొనసాగాయి.

4. స్వయంచాలక గేరు: సౌకర్యం, సామర్థ్యం

2014లో మారుతి సెలేరియో ద్వారా ‘ఆటోమేటెడ్ మాన్యువల్’ పద్ధతి సామాన్య కొనుగోలుదారుకు చేరువయింది. ఇందులో గేరుపెట్టె పాతదే. క్లచ్ నొక్కే కాలి పనిని, గేరు వేసే చేతి పనిని ఎలక్ట్రానిక్ నియంత్రణ చేస్తుంది. ఖర్చు, ఇంధన నష్టం తక్కువ కావడం దీని బలం. గేరు మారే క్షణంలో చక్రాలకు బలం ఆగడం దీని లోపం. త్వరణంలో కలిగే ఆకస్మిక మార్పే ప్రయాణికుడికి కుదుపుగా తెలుస్తుంది.

ఇక్కడ రెండు లక్ష్యాలు ఘర్షిస్తాయి. క్లచ్‌ను మెల్లగా కలిపితే కుదుపు తగ్గుతుంది; కానీ జారుడు వల్ల వేడి పుట్టి క్లచ్ అరుగుతుంది. వేగంగా కలిపితే బలం త్వరగా అందుతుంది, కుదుపు పెరుగుతుంది. బరువు మారితే చిక్కు మరింత పెరుగుతుంది. పసుపు బస్తాలతో పోయే లారీకి, ఖాళీగా తిరిగివచ్చే అదే లారీకి ఒకే గేరు క్రమం సరిపోదు. అందుకే ఆధునిక నియంత్రణ వ్యవస్థలు ఇంజను ఇచ్చే బలాన్ని, బండి పొందే త్వరణాన్ని పోల్చి బరువును అంచనా వేస్తాయి. రోడ్డు వాలును కూడా లెక్కలోకి తీసుకుంటాయి. అనుభవజ్ఞుడైన డ్రైవరు చెవితో, కాలితో చేసిన అంచనాకు ఇది గణిత రూపం.

5. ముగింపు

గేరు చరిత్రను కేవలం యంత్రాల ప్రగతిగా చదివితే అసలు విషయం మరుగున పడుతుంది. సౌకర్యం మొదట కారు యజమానికి, ఆపై నగర బస్సు ప్రయాణికుడికి అందింది. రోజుకు వందలసార్లు క్లచ్ తొక్కే సరుకు లారీ డ్రైవరు వంతు చివరకు వచ్చింది. దేశంలోని ఎక్కువ సరుకు లారీలు నేటికీ చేతి గేరువే. అవసరం ఎవరికి ఎక్కువన్నది కాక, ధర ఎవరు చెల్లించగలరన్నదే ఈ వరుసను నిర్ణయించింది. ఇప్పుడు తెలంగాణ రోడ్లపైకి వస్తున్న విద్యుత్ బస్సులలో సాధారణంగా ఒకే స్థిర నిష్పత్తి ఉంటుంది. మార్చవలసిన గేరే ఉండదు. డబుల్ క్లచ్ నేర్చిన తరం తెరమరుగవుతున్న ఈ దశలో, వారి పని జ్ఞానాన్ని మౌఖిక చరిత్రగా నమోదు చేయడం తెలంగాణ రవాణా చరిత్ర పరిశోధకుల ముందున్న తక్షణ కర్తవ్యం.