సూర్యాపేట జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు (2021)

2021 మార్చిలో సూర్యాపేటలో 47వ జాతీయ జూనియర్ కబడ్డీ చాంపియన్‌షిప్ జరిగింది. ఆ పోటీలను జనం గుర్తుపెట్టుకున్నది ఆట వల్ల కాదు, ఆట మొదలుకాకముందే కూలిన గ్యాలరీ వల్ల.

సూర్యాపేట హైదరాబాద్–విజయవాడ రహదారిని నమ్ముకున్న ఊరు. అదే దారిలో ముందుకు పోతే కోదాడ వస్తుంది. మరోవైపు సాగర్ ఎడమ కాలువ నీళ్లతో, రైసు మిల్లులతో పేరుపడ్డ మిర్యాలగూడ ఉంది. సూర్యాపేట 2016 అక్టోబర్ 11న జిల్లా కేంద్రమైంది, 2019లో వైద్య కళాశాల వచ్చింది. ఊరు నిలదొక్కుకుంటున్న వేళ 2020 ఏప్రిల్‌లో కూరగాయల మార్కెట్ చుట్టూ కరోనా కేసులు బయటపడి బజారంతా మూతపడింది. జూన్ 15న గల్వాన్ లోయలో ఈ ఊరి బిడ్డ కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు అమరుడయ్యాడు. అలాంటి ఏడాది తర్వాత జాతీయ స్థాయి ఆటలంటే ఊరికి పండగే.

పైగా ఆట కబడ్డీ. చెడుగుడు పేరుతో ఇక్కడి పల్లెల్లో ఎవరికీ నేర్పక్కర్లేని ఆట. మట్టిలో కూత పెట్టిన వాళ్లకు మ్యాట్ మీద ఆడే రాష్ట్రాల జట్లను కళ్లారా చూసే అవకాశం రావడమే పెద్ద ఆకర్షణ.

మార్చి 22 సాయంత్రం ఎస్పీ కార్యాలయ మైదానంలో ప్రారంభానికి ముందు, కర్రలు, ఇనుప గొట్టాలతో తాత్కాలికంగా కట్టిన గ్యాలరీల్లో ఒకటి జనంతో సహా కుప్పకూలింది. వందమందికి పైగా గాయపడ్డారు. వారిని స్థానిక ప్రభుత్వ ఆసుపత్రికి, పరిస్థితి బాగాలేని వారిని హైదరాబాద్‌కు తరలించారు. ఇలాంటి కట్టడాలకు జనం కూర్చున్న బరువు ఒక్కటే పరీక్ష కాదు. అందరూ ఒక్కసారి లేచి ఊగితే బరువు పక్కకు తోస్తుంది. అప్పుడు ఏటవాలు కట్లు, బోల్టులు పట్టి నిలపాలి. రెండేళ్లకోసారి పెద్దగట్టు లింగమంతుల జాతరకు లక్షల్లో జనాన్ని చూసే ఊరికి గుంపు కొత్త కాదు. గుంపును ఎత్తు మీద కూర్చోబెట్టడం వేరే పని. నిర్వాహకులపై పోలీసులు కేసు పెట్టారు. పోటీలు మాత్రం కొనసాగాయి.

ఒక పోటీ ఊరి దశ మారుస్తుందా అన్నది పాత ప్రశ్నే. అమెరికాలోని డెట్రాయిట్ 1967లో అల్లర్లతో తగలబడింది. మరుసటి ఏడాదే అక్కడి టైగర్స్ జట్టు బేస్‌బాల్ కిరీటం గెలిస్తే నగరం ఒక్కటైందని సంబరపడ్డారు. తర్వాతి దశాబ్దాల్లో జనం వలసపోవడం మాత్రం ఆగలేదు. హైదరాబాద్ అనుభవం మరోలా ఉంది. 2002 జాతీయ క్రీడలకు గచ్చిబౌలిలో కట్టిన స్టేడియాలు 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలకు, 2007 ప్రపంచ సైనిక క్రీడలకు పనికొచ్చాయి. 2009లో ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలూ అక్కడే జరిగాయి. పతకాలు గెలిచినవాళ్లు వెళ్లిపోయారు, కట్టినవి నగరానికి మిగిలాయి. సూర్యాపేటలో కట్టింది నాలుగు రోజుల కోసం.

ఊరికి రావలసిన సందడి కూడా ఎక్కువ కాలం నిలవలేదు. కరోనా రెండో విడత ముంచుకొస్తుండటంతో మార్చి 24 నుంచి తెలంగాణ అంతటా బడులు, కళాశాలలు మళ్లీ మూసేశారు.