రిజిస్టర్‌లో ఉన్న పేరు

"అన్నీ బాగనే ఉన్నయి గని, వాని పేరేది?"

వరంగల్ చౌరస్తాకు దగ్గర్లో ఒక బట్టల దుకాణం మేడ మీద ఆ రాత్రి కొందరు మిత్రులు కూర్చున్నారు. 1990-91లో ఒకే సర్కారు బడిలో పదో తరగతి చదివినవాళ్లు. వేసవిలో పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం పెట్టాలనుకున్నారు. వాట్సాప్ గ్రూపు అప్పటికే తయారైంది. సార్లకు శాలువాలు, మెమెంటోలు, మధ్యాహ్నం భోజనాల సంగతి తేలిపోయింది. ఫ్లెక్సీ మీద వేయాల్సిన పేర్లను ఒకాయన చదువుతుంటే, దుకాణం యజమాని మధ్యలో ఆపి అడిగిన మాట అది.

"వాడు తొమ్మిదిలనే బందువెట్టిండు గదరా. సూరత్ వోయిండు. మన బ్యాచ్ ఎట్లయితడు?"

ఆ జవాబులో దురుద్దేశం లేదు. జాబితాను పదో తరగతి పరీక్షకు ఫీజు కట్టినవాళ్ల పేర్లతో తయారుచేశారు. మన దగ్గర చాలా సమ్మేళనాలకు జాబితా తయారయ్యే పద్ధతే అది. కానీ దుకాణదారు ఊరుకోలేదు. ఆరు నుంచి తొమ్మిది దాకా తనతో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు, దసరా నాడు ఉర్సుగుట్ట రంగలీల మైదానానికి చేతిలో చెయ్యేసుకొని పోయినవాడు, లెక్కల సారు బోర్డు మీద వేసిన లెక్కను అందరికన్నా ముందు చేసినవాడు తన బ్యాచ్ కాకుంటే ఇంకెవరు అవుతారని గట్టిగానే అడిగాడు.

ఈ ఇద్దరి పేర్లూ ఇక్కడ రాయడం లేదు. ఒకరిని దుకాణదారు అని, మరొకరిని నేతగాడు అని పిలుచుకుందాం.

దుకాణదారు తండ్రి ఆజంజాహి మిల్లులో పర్మనెంట్ కార్మికుడు. ఏడో నిజాం తన పెద్ద కొడుకు పేరు పెట్టి 1934లో తెరిపించిన మిల్లు అది. వరంగల్‌లో ఎన్నో ఇళ్లకు ఆ మిల్లు సైరనే గడియారం. నేతగాడి తండ్రిది కొత్తవాడ. ఇంట్లో గుంట మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. వరంగల్ డర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని ఇవాళ గర్వంగా చెప్పుకుంటున్నాం. 1989లో ఆ ఇంట్లో పరిస్థితి వేరు. నూలు ధర పెరిగితే మగ్గం ఆగేది, సరుకు కొనేవాళ్లు రాకపోయినా ఆగేది. ఒక ఇంట్లో నెలనెలా జీతం, పక్క వాడలో ఇంకో ఇంట్లో మగ్గం నడిస్తేనే బువ్వ. ఒకే బెంచీ మీది ఇద్దరిలో ఎవరు పది దాటాలో, ఎవరు రైలెక్కాలో తేల్చింది ఈ తేడాయే. తెలివితేటలకు అందులో ఏ పాత్రా లేదు.

ఆ ఏడు దసరా సెలవులు అయిపోయాక నేతగాడు బడికి రాలేదు. మేనమామ వెంట నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాడు. వరంగల్‌లో ఎక్కితే బల్లార్షా, వార్ధా, భుసావల్ మీదుగా తిన్నగా సూరత్‌లో దించే బండి అది. వరంగల్, కరీంనగర్ నేత కుటుంబాలకు ఆ రైలు పేరు బాగా తెలుసు. బాల కార్మిక చట్టం 1986లోనే వచ్చింది. కానీ అది పద్నాలుగేళ్లు నిండనివాళ్లకే. ఇతనికి అప్పుడే నిండాయి.

మొదటి ఏడాది కండెలు అందించాడు. తర్వాత సాంచాల (మరమగ్గాల) మీదికి వచ్చాడు. వారం పగలు, వారం రాత్రి, పన్నెండు గంటల డ్యూటీ. కూలి మీటర్ల లెక్కన. ఒక్కడే ఆరు సాంచాలు, ఎనిమిది సాంచాలు చూసుకోవాలి. రెండుసార్లు వరంగల్‌కు ఉత్తరం రాశాడు. ఆ తర్వాత ఆపేశాడు. ఎందుకు ఆపావని అడిగితే అతను చెప్పింది ఇంతే: "వాడు ఇంటర్ల చేరిండని రాసిండు. నేనేం రాయాలె?"

ఆ రాత్రి మేడ మీద మాట జరిగాక దుకాణదారు చీరల కొనుగోలుకు సూరత్ వెళ్లాడు. రింగ్ రోడ్డు మార్కెట్లకు అంతకుముందూ వెళ్లేవాడు, సరుకు చూసుకొని తిరిగొచ్చేవాడు. ఈసారి పని ముగించుకొని లింబాయత్ దారి పట్టాడు. తెలుగు నేతగాళ్లు స్థిరపడ్డ వాడలున్నాయి అక్కడ. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోందంటే మనవాళ్లు అక్కడ ఎంతగా వేళ్లూనుకున్నారో తెలుస్తుంది. టిఫిన్ బండ్ల దగ్గర, కిరాణా కొట్ల దగ్గర, కులపెద్దల దగ్గర ఒకటే ప్రశ్న: "కొత్తవాడ, వరంగల్. జంపఖానాలు నేసేటాయన కొడుకు. ఎరుకేనా?"

సాయంత్రానికి ఒక ఇల్లు చూపించారు. రెండంతస్తుల ఇరుకు భవనం, కింద సాంచాల మోత. మెట్ల మీద నుంచి దిగివస్తున్న మనిషి వెంట్రుకలు సగం నెరిశాయి. దుకాణదారు బడిలో పిలిచే ముద్దుపేరుతో పిలిచాడు. అతను చూడలేదు. ఇంకోసారి పిలిచాడు. అయినా దిగుతూనే ఉన్నాడు.

వెనకనుంచి వచ్చిన భార్య చెప్పింది: "అన్నా, గట్టిగ మాట్లాడాలె. ఆయనకు ఇనవడది."

చెవి ఎనభై అయిదు డెసిబెల్స్‌కు మించిన మోతను రోజుకు ఎనిమిది గంటలు ఏళ్ల తరబడి తట్టుకోలేదని వైద్యులు చెబుతారు. మరమగ్గాల షెడ్డులో మోత ఆ హద్దు దాటుతుంది, డ్యూటీ పన్నెండు గంటలు. దీన్ని జబ్బుగా ఎవరూ రాసుకోరు. ఇంట్లోవాళ్లు గొంతు పెంచుకుంటారు, అంతే.

దుకాణదారు ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు. నేతగాడు కాసేపు ముఖంలోకి చూశాడు.

"అరేయ్... నువ్వా?"

"నేనే రా."

ఇద్దరూ ఇంకేం అనలేదు. మెట్ల మీదే కూర్చుండిపోయారు. భార్య చాయ్ తెచ్చి, పిల్లలకు చెప్పిందట: "నాయిన రోజూ చెప్పే దోస్తు ఈయననే." ఆ మాట విన్నప్పుడే తనకు ఏడుపొచ్చిందని దుకాణదారు చెప్పాడు.

రాత్రి మాటల్లో ఊరి సంగతులన్నీ వచ్చాయి. ఆజంజాహి మిల్లు 2002లో మూతపడిందని, స్వచ్ఛంద విరమణ పైసలు పట్టుకొని తన తండ్రి ఇంటికొచ్చిన రోజున ఇంట్లో ఎవరూ తినలేదని దుకాణదారు చెప్పాడు. "మిల్లుల నౌకరి అంటే మీ నాయిన రాజు అనుకుంటుంటిమి" అన్నాడు నేతగాడు. గీసుగొండ, సంగెం మండలాల్లోని కాకతీయ మెగా జౌళి పార్కు సంగతీ వచ్చింది. 2017 అక్టోబర్ 22న దానికి శంకుస్థాపన చేసినప్పుడు సూరత్, భివండి, షోలాపూర్ వలసపోయిన మనవాళ్లు తిరిగి రావాలన్నది చెప్పిన ఆశయం.

"మళ్ల వస్తవారా?"

"యాభై ఏండ్ల చెవుడోనికి ఎవడిస్తడురా పని?"

దుకాణదారు దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. పార్కు రావడం మంచిదే, పడుచుపిల్లలకు పనులు దొరకడం ఇంకా మంచిది. కానీ బాల్యంలోనే ఊరు వదిలి, చెవులు పోగొట్టుకున్న ఈ తరం సంగతి ఆ ఆశయంలో ఎక్కడుందో చెప్పాల్సిన బాధ్యత పాలకులది.

సమ్మేళనానికి రమ్మంటే మాత్రం అతను ఒప్పుకోలేదు. "నాది పది కాలె. అందరు ఉద్యోగాలు చెప్పుకుంటరు. నేను ఎవల్నని కూసోవాలె?" దుకాణదారు ఎంత బతిమాలినా అదే మాట.

చిక్కు విప్పింది రిటైరైన లెక్కల సారు. విషయం చెప్పగానే ఆయన అన్నారు: "పరీక్ష రాసినోళ్ల లిస్టు మీకెందుకయ్యా? బడిల చేరినోళ్ల లిస్టు ఉంటది. అడ్మిషన్ రిజిస్టర్ తీపియ్యుండ్రి." ఆయనే ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడారు. బీరువా అడుగున ఉన్న పాత రిజిస్టర్ బయటికొచ్చింది. అడ్మిషన్ నంబరు, విద్యార్థి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చేరిన తరగతి. నేతగాడి పేరు నీలి సిరాతో ఉంది. టీసీ గడి ఖాళీ. అతను టీసీ తీసుకోకుండానే వెళ్లిపోయాడు. ఆ పేజీని ఫొటో తీసి సూరత్‌కు పంపారు. మర్నాడు నేతగాడి కొడుకు ఫోన్ చేశాడు: "అంకుల్, నాయిన టికెట్ బుక్ చేయమన్నడు."

సమ్మేళనం రోజు ప్రార్థన అయ్యాక అందరినీ పాత తరగతి గదిలో కూర్చోబెట్టారు. లెక్కల సారు రిజిస్టర్ నకలు చూసి హాజరు పిలిచారు. నేతగాడి పేరు వచ్చింది. అతను కదల్లేదు. పక్కనున్న దుకాణదారు మోకాలి మీద తట్టాడు. అతను లేచి నిలబడి చాలా గట్టిగా, తన గొంతు తనకు వినపడని మనుషులు పలికే ఎత్తులో, "ప్రెజెంట్ సార్" అన్నాడు.

సారు దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేశారు. "లెక్కలు యాదికున్నయా?" అని చెవి దగ్గర అడిగారు.

"రోజూ మీటర్ల లెక్కనే కద సార్. సేటు కూడిక తప్పితే నేనే సరిజేస్త."

గదిలో చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు అతనికి వినపడ్డాయని కొడుకు తర్వాత చెప్పాడు.

అదే రిజిస్టర్‌లో ఇంకా పేర్లున్నాయి. ఎనిమిదిలో ఆగిపోయి పెళ్లిళ్లు చేసుకున్న ఆడపిల్లలు, భివండికి వెళ్లినవాళ్లు, తండ్రి చనిపోతే మగ్గం ఎక్కినవాళ్లు. ఎవరినీ ఏ సమ్మేళనానికీ ఎవరూ పిలవలేదు. ఇప్పుడు ఆ బ్యాచ్ మిత్రులు ఒక్కొక్కరినీ వెతికే పనిలో ఉన్నారు.

ప్రతి వేసవిలో మన ఊళ్లలో ఇలాంటి సమ్మేళనాలు ఎన్నో జరుగుతాయి. మీ బ్యాచ్‌ది కూడా జరగవచ్చు. ఫ్లెక్సీకి అడ్వాన్సు ఇచ్చే ముందు ఒకసారి మీ బడికి వెళ్లండి. పదో తరగతి జాబితా అడగొద్దు, అడ్మిషన్ రిజిస్టర్ చూపించమని అడగండి. మధ్యలో ఆగిపోయినవాళ్ల పేర్లు రాసుకొని, వాళ్ల ఇళ్లకు కబురు పంపండి. దూరం నుంచి రావాల్సినవాళ్లకు రైలు చార్జీలు తలా ఇంత వేసుకొని ముందే పంపించండి.