బలిపూజ తగవు ఎలా పుట్టింది?

కతోలికులకది దివ్యబలిపూజ, ప్రొటెస్టంట్లకు ప్రభురాత్రి భోజనం. రొట్టె, ద్రాక్షారసం రెండుచోట్లా ఉంటాయి. బలి ఒకచోటే ఉంటుంది. పదహారో శతాబ్ది సంస్కర్త లూథర్ వచ్చి బలిని తీసేశాడని ఒక పక్షం, మధ్యయుగాల్లో రోము దాన్ని కల్పించిందని మరో పక్షం అంటూ వచ్చాయి. చరిత్ర తిరగేస్తే రెండూ నిలబడవు. బలి భావన క్రైస్తవంలో మొదటి తరాల నాటిది. సంఘాన్ని చీల్చింది ఆ భావన కాదు, బలి ఫలాన్ని లెక్కగట్టి ఒకరి తరఫున మరొకరు సంపాదించి పెట్టవచ్చునన్న నమ్మకం.

మొదటి శతాబ్ది చివరిదో, రెండో శతాబ్ది ఆరంభానిదో అయిన ‘డిడాకే’ అనే చిన్న పుస్తకం ఆదివారం రొట్టె విరవడాన్ని బలి అనే పిలుస్తుంది. అన్యజనుల మధ్య అంతటా పవిత్రమైన అర్పణ జరుగుతుందన్న మలాకీ ప్రవచనాన్ని దానికి వర్తింపజేస్తుంది. రెండో శతాబ్ది నడుమ క్రైస్తవ రచయిత జస్టిన్ కూడా అదే ప్రవచనాన్ని ఎత్తుకున్నాడు. అక్కడ ఉన్నది కృతజ్ఞతా బలేగానీ పాపపరిహార బలి కాదు కదా అని ప్రొటెస్టంట్లు అడుగుతారు. ఆ రెండు రచనల వరకు ఆ మాట చాలామటుకు న్యాయమే. కానీ సుమారు 253లో కార్తేజ్ బిషప్ సిప్రియన్ రాసిన ఉత్తరం దగ్గర ఆ వాదం ఆగిపోతుంది: సంఘం అర్పించేది క్రీస్తు శ్రమలనేనని ఆయన తేల్చి చెప్పాడు. క్రీస్తు ‘ఒక్కసారే’ బలి అయ్యాడన్న హెబ్రీయుల పత్రిక మాట తొలినాటివారి కంటపడలేదని కూడా అనలేం. జాన్ క్రిసోస్టమ్ ఆ పత్రిక మీద ప్రసంగిస్తూనే ఆ చిక్కును విప్పాడు. రోజూ అర్పిస్తున్నా అది వేరే బలి కాదు, అదే బలి, ఇంకా సరిగా చెప్పాలంటే దాని జ్ఞాపకం అన్నాడు. పదమూడో శతాబ్దంలో థామస్ అక్వినాస్ పూజను సిలువ శ్రమలకు ప్రతిరూపమన్నాడు. అంటే క్రీస్తును మళ్లీ మళ్లీ చంపుతున్నామని రోము పండితులు బోధించలేదు.

అయితే పండితుడి గ్రంథం ఒకటి చెబుతుంటే గుడి పద్దుల పుస్తకం మరొకటి చెప్పింది. ఉత్తరించు స్థలంలో, అంటే చనిపోయినవారు పాపశుద్ధి పొందే చోట, ఉన్న ఆత్మల కోసం పూజలు చేయించడం, అందుకు మాన్యాలు రాసివ్వడం, ఆ పూజలకే గురువులను నియమించడం ఐరోపా అంతటా పెరిగిపోయింది. 1509లో చనిపోయిన ఇంగ్లండు రాజు ఏడో హెన్రీ తన ఆత్మ కోసం పదివేల పూజలు చేయించాలని వీలునామా రాశాడు. ఒక పూజ విలువ సిలువ బలి విలువే అయితే తక్కిన 9,999 ఎందుకు? లూథర్ కోపానికి పునాది ఇదే. 1520లో ఆయన పూజను దేవుడు మనిషికిచ్చే వాగ్దానంగా చెప్పి, మనిషి దేవుడికిచ్చే బలి అన్న భావాన్ని తోసిపుచ్చాడు. జూరిక్‌లో మరో సంస్కర్త జ్వింగ్లీ 1523లో పూజ బలి కాదు, బలి జ్ఞాపకమని సూత్రీకరించాడు. 1525లో ఆ ఊళ్లో పూజే ఆగిపోయింది. వీళ్లిద్దరూ 1529లో మార్‌బుర్గ్‌లో కలిసినప్పుడు రొట్టెలో క్రీస్తు శరీరం ఉందా లేదా అన్నచోట విడిపోయారు. పూజ ద్వారా బతికున్నవారికైనా చనిపోయినవారికైనా మరొకరు కృప సంపాదించి పెట్టలేరన్నచోట మాత్రం ఒక్కటయ్యారు. అసలు గురి ఎక్కడో ఆ ఒప్పందమే చూపిస్తుంది.

దురాచారాన్ని చూపి సిద్ధాంతాన్ని కొట్టేయకూడదని కతోలికుల జవాబు. అందులో బలం ఉంది. 1562 సెప్టెంబరు 17న ట్రెంట్ మహాసభ సిలువ మీదా పూజలోనూ బలి ఒకటే, అర్పించే క్రీస్తూ ఒకరే, అర్పించే తీరే వేరని ప్రకటించింది. అదే రోజు పూజలకు బేరాలాడటాన్ని, ఇన్ని పూజలు ఇన్ని కొవ్వొత్తులని లెక్క పెట్టుకోవడాన్ని మూఢత్వంగా నిషేధించింది. సంస్కర్తల ఫిర్యాదులో సగం రోము ఒప్పుకున్నట్టే. కానీ జీవించి ఉన్నవారికీ మృతులకూ పాపపరిహారంగా పూజ అర్పించవచ్చునన్నదాన్ని మహాసభ వదల్లేదు, కాదన్నవారిని శపించింది. కాబట్టి ఇదంతా మాటల అపార్థమని నేటి సమన్వయవాదులు చెప్పేది నాకు మింగుడుపడదు. ‘మళ్లీ బలి’ అన్న ఆరోపణ తప్పు. ‘ఎవరి కోసం’ అన్న తగవు నిజం.

ప్రొటెస్టంట్ల నిందా ఒక్కరోజులో పుట్టలేదు. రిఫార్మ్‌డ్ ప్రొటెస్టంట్ల విశ్వాస బోధిని అయిన 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి మొదటి ముద్రణలో పూజను ఖండించే ఎనభయ్యో ప్రశ్నే లేదు. ట్రెంట్ తీర్మానాల తర్వాత అదే ఏడాది రెండో ముద్రణలో చేరింది, శపించదగ్గ విగ్రహారాధన అన్న మాట మూడోదానిలో వచ్చింది. ఉత్తర అమెరికాలోని క్రిస్టియన్ రిఫార్మ్‌డ్ సంఘం కతోలిక బోధను మళ్లీ పరిశీలించి, ఆ జవాబులోని కఠినమైన భాగాలు తన సభ్యులకు ఇక కట్టుబాటు కావని 2006లో తీర్మానించింది. ప్రశ్నను మాత్రం పుస్తకంలోంచి తీసేయలేదు.